పట్టు వెనక పీట

బాతుల హాన్ అత్త అన్నదట, ఆ బొమ్మలేసేవాడు ఏ ఇంట అడుగుపెడితే ఆ ఇంట ఉప్పు చస్తుందని. రంగులద్దేవాళ్ళింట్లో నిరుడు పెద్దాయన బొమ్మ వేసి పోయాడట. ఏడాది చివర బొమ్మ ముందు వడ్డిస్తే ఆయన గిన్నె ఒక్కటే చప్పబడాల్సింది పోయి, ఇంట్లో గిన్నెలన్నీ చప్పబడ్డాయట. వంటింటి మూల ఆవకూర ఊరేసిన జాడీ కూడా మూడు రోజులపాటు మంచినీళ్ళలా ఉందట. చచ్చిన ముసలాయన ఒక్కడు తింటే అంత రుచీ ఎక్కడికి పోతుంది, వాడు వెనకాల ఎవరెవరిని వెంటేసుకొచ్చాడో అని ఆమె నోరు నొక్కుకుందట. వాడికి పేరు కూడా ఒకటి కాదట, ఊరికొకటట, రాజధానిలో చిత్రకారుల సంఘం వాళ్ళు ముద్ర విరగ్గొట్టి తరిమేశారట. ఇదంతా హాన్ అత్త రేవు మెట్ల మీద బట్టలుతుకుతూ పడవవాడి పెళ్ళానికి చెప్పింది, ఆమె మొగుడికి చెప్పింది, ఆ మొగుడు ఈ పొద్దున గడ వేస్తూ మౌ తింగ్‌కే చెప్పాడు, చెబుతున్నది ఎవరికో తెలియక. మౌ తింగ్ గొడుగు కింద కూర్చుని అంతా విని, అట్లాంటివాళ్ళను రేవు దాటనివ్వకూడదు తమ్ముడూ అన్నాడు. పడవవాడికి ఆ మాట నచ్చింది. అది సరే గానీ అన్నా, వాన లేదు, ఎండ ముదరలేదు, కొత్త పెళ్ళికూతురిలా ఆ గొడుగేమిటి అని నవ్వాడు.

ఆ గొడుగు ఇప్పుడు, మొన్న పెద్దాయన పోయిన నియే వాళ్ళ ఇంటి నడవలో గోడకు ఆనించి ఉంది, విప్పినది విప్పినట్టే. నూనె కాగితం మీద పొద్దుటి ఎండ పడి లోపలి వెదురు ఊచలు ఎముకల్లా కనబడుతున్నాయి. మౌ తింగ్ వాకిలికి ఎదురుగా, బొమ్మకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఈ కాలవ ఊళ్ళ పద్ధతి అది. పోయినవాడి కొత్త బొమ్మ గోడకెక్కాక అగరొత్తి వెలిగిస్తారు, అది కొండెక్కేదాకా బొమ్మ వేసినవాడు వెనక్కి తిరగకూడదు, లేచిపోకూడదు. ఒత్తి అయిపోయాక ఇంటి పెద్ద వడ్డించిన అన్నం నోట పెట్టుకుని చూస్తుంది. చప్పగా ఉంటే పోయినవాడు వచ్చి తన ముఖంలో తాను కూర్చున్నట్టు. ఉప్పూ కారం ఉన్నదున్నట్టు ఉంటే బొమ్మ దండగ, వేసినవాడిని చీపురుతో సాగనంపుతారు. మిగతా నాడుల్లో ఈ గొడవ లేదు, బొమ్మ చేతికిచ్చి, ఒక గిన్నెడు సారా తాగి, ఎవడి దారి వాడిది. అందుకే ఇన్నేళ్ళుగా అతను కాలవ ఊళ్ళకు ఎప్పుడొచ్చినా వేరే పేరుతో వచ్చి, ఒత్తి వెలిగించకముందే కడుపునొప్పి అని జారుకునేవాడు. ఈసారి జారుకోలేదు. జారుకోవాలని లేదు. ఏళ్ళు మీదపడ్డాయి, బొటనవేలు పొద్దున పూట వంగదు, సన్న కుంచె పట్టుకుంటే గీత వణికిపోతోంది, పట్టు గుడ్డ మీద ఇదే ఆఖరి బొమ్మ అనిపిస్తోంది. ఆఖరిదైనా వెనక ఏం జరిగిందో తెలుసుకుని పోవాలి కదా. వచ్చిందో, రాలేదో.

అమ్మ.

ఆ మాట అనుకోగానే ఎప్పుడూ వచ్చేది ముఖం కాదు, తెల్లటి జనపనార గుడ్డ. నెత్తి మీంచి గడ్డం దాకా దించుకున్న ముసుగు, దాని అంచున తడి. ఆమె పని ఏడవడం. ఎవరింట ఎవరు పోయినా కబురొచ్చేది, ఏడుపుల వదినను పిలుచుకు రమ్మని, ఆమె ముసుగు వేసుకుని బయల్దేరేది, వెనక ఇతను కొంగు పట్టుకుని. ఎన్నడూ చూడని మనిషి శవం ముందు కూలబడి, నా బంగారు బావా, నా మేడకు దూలమా, నన్ను ఏ చెట్టుకు కట్టేసి పోయావు అని మొదలుపెడితే ఆ ఇంటివాళ్ళకు కూడా అప్పటిదాకా రాని ఏడుపు వచ్చేది. దారి పొడుగునా ఏడ్చి, శ్మశానం దగ్గర ముక్కు చీది, మరి వస్తానమ్మా అని తామరాకులో చుట్టిన జిగురన్నం ముద్ద, దాని మీద కొవ్వు ముక్క పుచ్చుకుని తిరుగు దారి పట్టేది. దారిలోనే నవ్వేది కూడా, చూశావురా, ఆ పెద్ద కోడలు ఒక కంటితో ఏడుస్తూ ఇంకో కంటితో బీరువా తాళం చూస్తోంది అని. నవ్వు గుర్తుంది, గొంతు గుర్తుంది, వేళ్ళకు అంటుకున్న అన్నం జిగురు గుర్తుంది. ముఖం లేదు. ఇంట్లో ముసుగు తీసే ఉంటుంది కదా, పడుకునేటప్పుడు, పొయ్యి ఊదేటప్పుడు, కానీ పొయ్యి దగ్గర పొగ, పడుకుంటే చీకటి. గడ్డం కింద చిన్న పుట్టుమచ్చ ఉండేదేమో అనిపిస్తుంది అప్పుడప్పుడు. కానీ ఆ మచ్చ అమ్మదో, నూనె గానుగవాళ్ళ చచ్చిన ముసలమ్మదో తేల్చుకోలేడు. గుడ్డ ఎత్తి చూసిన శవాల ముఖాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, అడుగున ఉన్నదాన్ని కప్పేశాయి. ముఖాలేసి బతికే మనిషికి తల్లి ముఖం తెలియదు. ఎవరికైనా చెబితే నవ్వుతారు. చెప్పలేదు ఎవరికీ.

వీపు వెనక ఒత్తి పొగ వాసన మారింది, మొదటి వేలెడు కాలినట్టుంది. కోడలు సూహే మగ్గం గదిలో కండెలు చుడుతోంది, రాట్నం కిర్రు కిర్రుమంటోంది. మామ పోయాక నలభై తొమ్మిది రోజులూ మగ్గం ఆడించకూడదట గానీ కండెలు చుట్టుకోవచ్చట, నియే ముసలమ్మే తీర్పు చెప్పింది, చచ్చినవాళ్ళకు నాడె చప్పుడు పడదు, రాట్నం చప్పుడుకు ఏమీ అనుకోరు అని. ఎవరు చెప్పారో ఆమెకు. గట్టి మనిషి. డెబ్బై దాటినా నడుము వంగలేదు, మాట వంగలేదు. వాకిట్లో పసుపు పూల చెట్టు ఒక్క ఆకు లేకుండా పూసింది, చలికి వాసన కూడా గడ్డకట్టినట్టు ఉన్నచోటనే ఉంది. దయ్యాలు గడప దాటకుండా తలుపు రెక్కలకు అతికించిన కాగితాల మీద కాపలా దేవుళ్ళిద్దరూ నిరుటి రంగుల్లో వెలిసిపోయి, ఒకడి మీసం చినిగి వేలాడుతూ, గొడ్డళ్ళు మాత్రం వదలకుండా నిలబడ్డారు. వాళ్ళు ముఖాలు చూస్తారు గానీ గొడుగు కిందికి వంగి చూడరు, పెళ్ళికూతుళ్ళు అట్లాగే వస్తారు కదా, అలవాటైపోయింది వాళ్ళకు. ఎండ పడని చచ్చినవాళ్ళు కూడా ఆ నీడనే నడుస్తారని వాళ్ళకు తెలియదనుకోవాలా, తెలిసీ ఊరుకుంటారనుకోవాలా. ఈ పొద్దున గడప దాటేటప్పుడు గొడుగు కర్ర కాస్త బరువెక్కినట్టనిపించింది. అనిపించిందంతే. గాలి కూడా అయ్యుండొచ్చు.

అమ్మకు ఎక్కడా చోటు లేకపోవడం ఒక చిత్రమైన సంగతి. వాంతుల జబ్బు వచ్చిన ఏడు పడవలోనే ప్రాణం పోయింది. మొదటి మొగుడి తరఫు వాళ్ళు, మా వాడు పోయాక ఇంకో ఇంటి గడప తొక్కింది, ఇక మా మనిషి కాదు అన్నారు. రెండో మొగుడి తరఫు వాళ్ళు, మాకో పిల్లాణ్ణి కనలేదు, ఎవడి కొడుకునో వెంటబెట్టుకొచ్చింది, మా పెద్దల పక్కన ఆమె పేరు పలక పెట్టం అన్నారు. ఎవరి తప్పూ లేదు, అది పద్ధతి. ఊరందరి చావులకూ ఏడ్చిన మనిషికి ఏడ్చినవాడు ఒక్కడే, అదీ ఎనిమిదేళ్ళవాడు, ఏడవడం సరిగ్గా రానివాడు, ఆమె మాటలే ఆమెకు అప్పజెప్పాడు, నా బంగారు బావా అని మొదలుపెట్టి నాలుక కరుచుకున్నాడు. ఒడ్డున ఇసకలో పూడ్చారు. మూడో ఏటికి ఏరు ఆ ఒడ్డు మీదికి జరిగింది. కొడుకున్నాడు కదా, కొడుకు పెట్టుకోవచ్చు కదా అంటారు. పొయ్యి లేనివాడికి పెద్దలు లేరు. నాలుగు గోడలు, ఆరని నిప్పు ఉన్న చోటికే వాళ్ళు వస్తారు, సత్రాల్లో పడుకునేవాడి మూట మీద వచ్చి కూర్చోరు. సంపాదించి ఇల్లు కట్టుకోవచ్చు కదా అంటే, ఏమో, చేతిలో కుంచె ఉన్నవాడికి కాళ్ళు ఒక చోట నిలవవు.

ఇరవై ఆరో ఏట ఉప్పు వర్తకుడి బొమ్మ వేస్తున్నప్పుడు చెయ్యి దానంతటదే వెళ్ళింది. పట్టు మీది బొమ్మకు ముందు వైపు గీత, వెనక వైపు రంగు. సీసపు తెలుపు వెనక నుంచి పూస్తేనే ముఖానికి లోపల దీపం పెట్టినట్టు వెలుగొస్తుంది, ముందు నుంచి పూస్తే గోడకు సున్నం కొట్టినట్టుంటుంది. ఆ వెనక వైపు ఎవరు చూస్తారు, కాగితం అతికించేస్తే ఇక దేవుడు కూడా చూడడు. వర్తకుడి అంగీ అంచు పక్కన, వెనక వైపు మాత్రమే, పలచటి సిరాతో, అమ్మ కూర్చోవడానికి చిన్న పీట వేశాడు. ముందు నుంచి చూస్తే అంగీ మడత నీడ అనుకుంటారు. పెద్దాయన బోలెడు తింటాడు, పక్కన ఒక పిడికెడు తగ్గితే ఏమవుతుంది అనుకున్నాడు. గురువు కళ్ళు మాత్రం కనిపెట్టాయి. కొట్టలేదు ఆయన, తిట్టలేదు. కుంచె కడుక్కుంటూ, ఒరే, పీట వేస్తే నువ్వు పిలిచినవాళ్ళే వస్తారనుకున్నావా, దిక్కులేనివాళ్ళు ఎంతమంది తిరుగుతున్నారో నీకేం తెలుసు అన్నాడు. నిజమే అయింది. ఉప్పు వర్తకుడి ఇంట ఉప్పు చచ్చింది. ఊళ్ళో ఆ మాట మీద నెల్లాళ్ళు నవ్వుకున్నారు, సంఘం పెద్దలు నవ్వలేదు. నడివాకిట్లో నిలబెట్టి రాతి ముద్రను ఉలితో రెండు చెక్కలు చేశారు. ఆ రెండు చెక్కల్లో ఒకటి ఇంకా రంగుల పెట్టెలో ఉంది, సిరా గడ్డ జారిపోకుండా అడ్డం పెట్టుకుంటాడు. ఆ తర్వాత ఊరూరా పీటలే. పోలీ అనే ఊళ్ళో వేశాడు, ఎగువ రేవుల్లో వేశాడు, పట్టుపురుగుల ఊళ్ళలో వేశాడు, రంగులద్దేవాళ్ళింట్లో వేశాడు. ఎవరెవరు తిన్నారో. ఉరేసుకున్నవాళ్ళు, నీళ్ళల్లో పోయినవాళ్ళు, పేరు పెట్టకముందే పోయిన పసివాళ్ళు. తిననీ అనుకునేవాడు. కానీ పడుకునేముందు ఒక్క మాట మాత్రం పురుగులా తొలిచేది, వాళ్ళ మధ్య ఆమెకు అందిందా, తోసుకుని ముందుకొచ్చే రకం కాదు, చావింట కూడా ఆఖరి పంక్తిలో కూర్చునేది.

అందుకని ఈసారి పీటను పీటలా వేయలేదు. అమ్మ పీటే వేశాడు. వెదురుది, నాలుగు కాళ్ళలో ఒకటి పొట్టిది, దాని కింద నీలం గీతల పెంకు ముక్క. ఇంకెవరికీ అది తమదనిపించదు. ఆమె బియ్యం కడిగేటప్పుడు దాని మీదే కూర్చునేది, పెంకు జారితే మోకాలితో సరిచేసుకునేది. ముఖం రాని చేతికి ఆ పెంకు మీది గీతలు ఎట్లా వచ్చాయో, ఒక్కటి తప్పలేదు.

ఇల్లు కూడా ఎంచుకునే వేశాడు. తొమ్మిది రోజుల కిందట నియే ముసలాయన ముఖం మీది గుడ్డ ఎత్తినప్పుడు చెయ్యి కాసేపు అట్లాగే ఆగిపోయింది. అంత చల్లని ముఖం ఈ మధ్య చూడలేదు. కనుబొమలు విడివిడిగా, నోటి చివర్లు పైకి, ఇప్పుడే ఎవరికో అన్నం పెట్టి చేతులు కడుక్కున్నవాడిలా ఉన్నాడు. అతని దగ్గర ముఖాల పుస్తకం ఒకటుంది, శవం దొరకని ఇళ్ళలో చూపించి ఈ ముక్కా, ఆ ముక్కా, ఈ కళ్ళా, ఆ కళ్ళా అని అడగడానికి, అందులో దాతల పుటలో ఉన్న నోరు ఇదే. ఈయన పక్కన అయితే ఆమె తలొంచుకోకుండా తింటుంది అనుకున్నాడు, ఈయన గిన్నె కాస్త ఇటు జరుపుతాడు, తినమ్మా అంటాడు. ముఖం పూర్తయ్యాక కోడలికి చూపిస్తే సూహే చాలాసేపు చూసి, మామగారు ఇందులో బాగున్నారు అంది. ఆ ‘ఇందులో’ అన్న మాట దగ్గర కొంచెం నొక్కింది. సిగ్గరి పిల్ల అనుకున్నాడు.

రాట్నం ఆగింది. చెప్పులు నేల రాసుకుంటూ ఎవరో బొమ్మ దగ్గరికి వెళ్ళారు. గిన్నె రాతి పలక మీద పెట్టిన చప్పుడు, చిన్నది. వడ్డన ఒత్తికి ముందే అయిపోయింది కదా, ఇప్పుడు గిన్నె ఏమిటి. తిరగకూడదు. అప్పుడు గుర్తొచ్చింది, ఈ పొద్దున బొమ్మ చేతికిచ్చినప్పుడు నియే ముసలమ్మ ముఖం చూడలేదు, రంగులు చూడలేదు. నేరుగా కిటికీ దగ్గరికి తీసుకుపోయి, చువ్వల మధ్య నుంచి వచ్చే ఎండకు అడ్డం పెట్టి, పడుగు ఎట్లా ఉంది, పేక ఎట్లా ఉంది, ఎక్కడైనా పోగు తెగిందా అని అంగుళం అంగుళం చూసింది. నేతపనివాళ్ళు. ఏ గుడ్డ చేతికొచ్చినా వెలుతురుకు పట్టి చూడకుండా ఉండలేరు, పసిబిడ్డ పొత్తిగుడ్డ అయినా అంతే. కాగితం ఇంకా అతికించలేదు, ఒత్తి గండం గడిచాకే అతికిస్తారు. ఎండలో వెనకదంతా ముందుకు వచ్చి ఉంటుంది, పీట, పొట్టి కాలు, కాలి కింద పెంకు ముక్కతో సహా. ఇన్నేళ్ళ దొంగతనంలో ఉప్పు వర్తకుల్ని, పన్ను అధికారుల్ని, వైద్యుల్ని తప్పించుకున్నవాడు, నేసేవాళ్ళ ఇంట వెనక వైపు వేశాడు. తెలివికి తెల్లారినట్టే ఉంది. నవ్వొచ్చింది. భయం రావాల్సిన చోట నవ్వు రావడం అమ్మ బుద్ధే.

ఏం చేస్తుంది. తడిగుడ్డ పెట్టి తుడిచేస్తుందా. సిరా పలచటిది, ఒక్క తుడుపుకు పోతుంది. హాన్ అత్తను కేకేసి ఊరిని పోగు చేస్తుందా. లేక ఆ గిన్నె, ఇప్పుడు పెట్టిన ఆ చిన్న గిన్నె... ఆ ఆలోచన పూర్తికానివ్వలేదు, పక్కకు తోసేశాడు, కోరికకు నోరిస్తే మంచిది కాదు. పడవవాడు నడి కాలవలో, అడుగున ఉంటుందనే నీళ్ళావిడకు మూడు మెతుకులు విసరడం గుర్తొచ్చింది, మెతుకులు మునగకముందే కిందినుంచి ఏదో చప్పరించినట్టు నీళ్ళు గుంటపడ్డాయి, పడవవాడు చూడను కూడా చూడలేదు, అలవాటు. అందరికీ ఎవరో ఒకరు మెతుకు విసిరేవాళ్ళుంటారు. వాకిట్లో పిల్లి గొడుగు దాకా వచ్చి, ఆగి, దాన్ని చుట్టి పోయింది. పూల చెట్టు నీడ గడప మీదికి పాకింది. కాలు తిమ్మిరెక్కింది. వీపు మీద చలి కాదు, ఎవరో వెనక నిలబడి తలుపు గాలి ఆపినట్టు ఒక వెచ్చదనం, కాసేపు. జిగురన్నం వాసన వచ్చిందా. ఈ ఇంట జిగురన్నం వండలేదు, ఉప్పు వేసిన బాతు మాంసం, ఉల్లికాడలు, మామూలు అన్నం. ముక్కుకు ఏళ్ళొచ్చాయి, వాటికేం, దేన్నయినా పట్టుకొస్తాయి. ఒక్కసారి వెనక్కి తిరిగితే. తిరిగితే కనబడుతుందా, ముసుగు లేకుండా, తినడానికైనా ఎత్తుకోవాలి కదా ముసుగు. మోకాళ్ళ మీద చేతులు బిగించాడు. బొటనవేలు నొప్పి పెట్టింది. తిరగలేదు. పోనీలే, తిననీ, చూస్తే మానేస్తుంది, ఎవరైనా చూస్తుంటే ఆమె తినేది కాదు.

ఒత్తి కొండెక్కింది. సూహే వచ్చి, ఇక లేవొచ్చు బాబాయ్ అంది.

లేచి తిరిగితే బొమ్మ ముందు రెండు గిన్నెలున్నాయి. పెద్దది ముసలాయన ఎదురుగా. ఇంకొకటి, మూతి అంచు విరిగిన చిన్న గిన్నె, ఎడమ పక్కకు, అంగీ మడత నీడ ఉన్న చోట. దాని మీద అన్నం తినే పుల్లలు కూడా శుభ్రంగా కడిగి అడ్డంగా పెట్టి ఉన్నాయి. బాతుల హాన్ వచ్చి నీ సంగతి చెప్పి పోయింది, ఎండకు పట్టి చూశాను అని నియే ముసలమ్మ రెండు ముక్కల్లో తేల్చేసింది, మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. పెద్ద గిన్నెలోంచి ఒక మెతుకు, ఒక మాంసం ముక్క నోట వేసుకుని నమిలింది, చప్పగా ఉంది, వచ్చాడు అంది. సూహే నేల మీద మోకరిల్లి మూడుసార్లు నుదురు ఆనించింది. చిన్న గిన్నెను ముసలమ్మ తాను ముట్టలేదు, చేతుల్లోకి తీసుకుని అతనికి ఇచ్చింది.

మౌ తింగ్ పుల్లలతో కొంచెం తీసుకున్నాడు. ఉప్పు దట్టంగా పట్టించిన బాతు ముక్క, పైన మెరుస్తున్న ఉప్పు పలుకు కంటికి కనబడుతూనే ఉంది. నాలుక మీద పెట్టుకుంటే ఏమీ లేదు. కాగితం నమిలినట్టుంది. ఇంకో ముద్ద. అదీ అంతే. అడుగున ఉన్నదీ అంతే.

“వచ్చింది పెద్దమ్మా,” అన్నాడు. “అడుగంటా తిన్నది. మా అమ్మ వచ్చింది కదా?”

నియే ముసలమ్మ అతని చేతిలోంచి గిన్నె తీసుకుంది. మిగిలిన అన్నం బాతుల తొట్టిలోకి వంచి, గిన్నె కొంగుతో తుడిచి, గోడ మీద చల్లగా నవ్వుతున్న మొగుణ్ణి ఒకసారి, అతన్ని ఒకసారి చూసింది.

“ఏమో నాయనా. ఆయన బతికున్నన్నాళ్ళూ కన్నతల్లికే గంజి పోయలేదు. నీ గిన్నె కూడా ఆయనే మింగుంటాడు.”